చవక చెవులు

మా తోటికోడలి గొంతంటే నాకు కడుపుమంట. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తరువాత నన్ను తిట్టుకునేవాళ్ళకి కాస్త శ్రమ తగ్గుతుంది.

మాది పుస్తకాలు చదివే ఇల్లు. అంటే మేం చదువుతాం, జనం చెవులకి పెట్టుకుని వింటారు. వెనకగదిని రెండుగా చేసి ఒకవైపు మైకు, ఒకవైపు కంప్యూటరు పెట్టాం. మధ్య గోడకి చిన్న అద్దం, అటూ ఇటూ కనపడేట్టు. మైకు ఉన్నవైపు గోడలన్నిటికీ పాత రగ్గులూ పరుపులూ బిగించాం, మాట గోడకి కొట్టుకుని తిరిగి రాకుండా. రికార్డింగ్ మొదలైందంటే ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, మా అత్తయ్య దగ్గు ఆపుకోవాలి. ఫ్రిజ్ చెప్పినమాట వింటుంది.

పదకొండేళ్ళు ఆ మైకు ముందు నేనే కూర్చున్నాను. ఏడో ఏట మా మరిదికి పెళ్ళయి చిన్నది వచ్చింది. దానికి మంచి పేరే ఉంది కానీ ఇంట్లో అందరికీ అది చిన్నదే. వచ్చిన నాలుగేళ్ళ వరకూ మా మధ్య ఏ పేచీ లేదు. వంటలో ఉప్పెక్కువైనా "నేనే వేశాను" అని నా తప్పు కూడా తన మీద వేసుకునే రకం. అలాంటివాళ్ళతో పోట్లాడటం కూడా కష్టమే.

అప్పుడు నాకు జలుబు చేసింది. ఒక పుస్తకం గడువు నెత్తిమీదకొచ్చింది, ముక్కు దిబ్బడ తగ్గలేదు.

"ఒక్క అధ్యాయం నేను చదవనా అక్కా?" అంది.

చదవమన్నాను. నా నోటితో నేనే అన్నాను. పుస్తకం వెళ్ళిన వారానికి ప్రచురణవాళ్ళు ఫోన్ చేసి, పదకొండేళ్ళలో నన్ను ఎన్నడూ అడగని ప్రశ్న అడిగారు.

"తొమ్మిదో అధ్యాయం చదివిందెవరండీ?"

లోకంలో ఎవరి జలుబైనా వారంలో తగ్గుతుంది. నాది ఇప్పటికీ తగ్గలేదు. తరువాతి పుస్తకం దాన్నే చదవమన్నారు, ఆ తరువాతది కూడా. నేను మెల్లగా అద్దానికి ఇవతలివైపు వచ్చిపడ్డాను. దాని ఊపిరి చప్పుళ్ళు తీసెయ్యడం, అది పేజీ తిప్పిన శబ్దం తుడవడం, తడబడిన చోట కత్తిరించి అతికించడం, ఇదీ నా పని. నాలుగేళ్ళుగా, రోజుకి ఆరుగంటలు దాని గొంతు నా చెవుల్లో. పడనివాళ్ళ ముఖం చూడకుండా తప్పించుకోవచ్చు కానీ, హెడ్‌ఫోన్స్‌లో గొంతుని ఎటు తప్పించుకుంటాం?

ఆ గొంతు ఎలాంటిదంటే, అత్తయ్యకి చెవులు సగానికి పైగా పోయాయి. నేను వంటింట్లోంచి భోజనానికి రమ్మని మూడుసార్లు అరిచినా కదలదు. చిన్నది పక్కగదిలోంచి మామూలుగా పిలుస్తుంది. ఆవిడ లేచి వస్తుంది.

"దాని మాట తెలుస్తుందమ్మా. నీది గొణుగుడు," అంటుంది మళ్ళీ, కంచం ముందు కూర్చుని.

ఇంకో విచిత్రం ఉంది. చిన్నది తన గొంతు తాను వినదు. రికార్డు చేసింది పెట్టబోతే చెవులు మూసుకుని పారిపోతుంది, ఒళ్ళు జలదరిస్తుందట. మైకు దగ్గర కూర్చున్నప్పుడు దాని చెవిలోకి నా మాట ఒక్కటే వెళ్ళేట్టు పెట్టాను. నేను బాగుంది అంటే బాగున్నట్టు, మళ్ళీ చదవమంటే మళ్ళీ చదవాల్సినట్టు. ఎన్ని బహుమతులొచ్చినా, ఎంతమంది ఫోన్ చేసి పొగిడినా, దాని గొంతు ఎలా ఉంటుందో దానికి నేను చెప్తేనే తెలుసు. నా చెవులే దాని చెవులు.

ఈ పరిస్థితిలో నా హెడ్‌ఫోన్స్ చచ్చిపోయాయి. పూర్తిగా కాదు. ఎడమవైపు వైరు ఒక వంపులో పట్టుకుంటే పలుకుతుంది, వదిలేస్తే పోతుంది. చేత్తో వైరు పట్టుకుని ఆరుగంటలు పనిచెయ్యడం కుదరదు కనక వాటిని మైకు గదిలోకి పంపేశాను. చదివేవాళ్ళకి ఒక చెవి చాలు. నా కోసం కొత్తవి తెప్పించాను. పెట్టెమీద బంగారు రంగు అక్షరాలతో "స్టూడియో" అని రాసి ఉంది. మంచివాటి ధరలో నాలుగోవంతుకి వచ్చాయి. కొన్నవాళ్ళందరూ ఐదేసి చుక్కలిచ్చి ఆకాశానికెత్తారు.

పెట్టుకుని, పరీక్షగా, నేను ఎప్పుడో చదివిన పాత పుస్తకం ఒకటి విన్నాను.

డప్పుల పాట పెడితే ఢమఢమా మోగుతాయి. తాళాల చప్పుడు పెడితే ఖంగుమంటాయి. మనిషి గొంతు బతికేది ఆ రెంటికీ మధ్య. ఆ మధ్యే లేదు వాటిల్లో. నా గొంతు పక్కింటి స్నానాలగదిలోంచి వస్తున్నట్టు, పలచగా, వెనక్కి జరిగిపోయి ఉంది. "స" అన్నప్పుడల్లా చెవిలో సూది. తీసి బల్లమీద విసిరినంత పనిచేశాను.

"చెత్త," అన్నాను మా ఆయనతో. "శుద్ధ చెత్త. గొంతే వినపడదు."

"స్టూడియో అని రాసుందిగా."

"నేనూ నా నుదుటిమీద మహారాణి అని రాసుకుంటాను. రేపట్నుంచి పల్లకీ మొయ్యండి."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస," అని నవ్వుకుంటూ పోయాడు. పదిరోజుల్లోపు వెనక్కి పంపెయ్యొచ్చని కాగితం మీద ఉంది. పెట్టెలో సర్ది, టేపు కూడా వేశాను.

మర్నాడు పొద్దున చిన్నది చదివిన రెండు అధ్యాయాలు శుభ్రం చేసి పంపాల్సి వచ్చింది. సరే, ఈ ఒక్కరోజుకి అనుకుని టేపు విప్పి వాటినే పెట్టుకున్నాను. చెవుల్లో చిన్నది చదవడం మొదలుపెట్టింది.

పలచగా ఉంది. ఎక్కడో వెనక ఉంది. "స" దగ్గర ఈల వేస్తోంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఎండలో నడిచి నడిచి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నట్టుంది. ఒక అధ్యాయం చాలనుకున్నదాన్ని రెండూ విన్నాను, చివర్లో కాస్త వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఇన్నాళ్ళూ ఇదా అందరూ మురిసిపోయింది? ఈ ఈలపాటకా అత్తయ్య లేచి వచ్చేది?

ముందురోజు సాయంత్రం నా గొంతు పలచగా వినపడితే తప్పు హెడ్‌ఫోన్స్‌ది. తెల్లారేసరికి దాని గొంతు పలచగా వినపడితే తప్పు గొంతుది. ఇది నేను గమనించలేదని చెప్పను. గమనించాను. గమనించి, పెట్టెని అటకమీదకి ఎక్కించాను. హెడ్‌ఫోన్స్ బల్లమీదే ఉండిపోయాయి.

సరిగ్గా ఆ వారంలోనే పెద్ద పుస్తకం కబురొచ్చింది. నాలుగువందల పేజీల నవల. మేం ఎన్నాళ్ళనుంచో పని కోసం చూస్తున్న ప్రచురణ సంస్థ. మొదటి పేరాలోనే పాఠకుణ్ణి కూర్చోబెట్టేసే పుస్తకం. చదివినవాళ్ళ పేరు అట్టబొమ్మ మీద, రాసినవాళ్ళ పేరు పక్కనే వేస్తారట. ఆ సంస్థ మేనేజరు నాతోనే మాట్లాడింది.

"మీ ఇద్దరి గొంతులూ విన్నామండీ. ఇద్దరూ చెరో ఐదు నిమిషాలు చదివి పంపండి. ఎవరిది నప్పితే వాళ్ళు."

మీ ఇద్దరి, అంది. నాలుగేళ్ళలో మొదటిసారి నన్ను కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఈ పుస్తకం నాకు రాకపోతే ఇంక నా జన్మకి అద్దానికి ఇవతలే అని నాకు తెలిసిపోయింది. ఇంకోసారి అడిగేవాళ్ళుండరు.

చిన్నది పరిగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, నువ్వు చెప్పు, నేనెలా చదవాలి? ఈమధ్య నావి వింటున్నావుగా, ఎలా ఉన్నాయి?"

"ఏం చెప్పమంటావ్," అన్నాను, కంప్యూటరు వైపే చూస్తూ. "ఈమధ్య నీ గొంతు పలచబడింది."

"పలచబడిందా?"

"పైపైన తేలుతోంది. కిందనుంచి రావట్లేదు."

"అయ్యో, నాకు తెలీనే తెలీదు," అంది. నమ్మింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఆ మాట అనేటప్పుడు దాని చేతికి నేను పాత హెడ్‌ఫోన్స్ ఇచ్చి, విను, అనలేదు. విననంటుందని నాకు తెలుసు కాబట్టి అనలేదు అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజునుంచి చిన్నది గొంతు "కిందనుంచి" తియ్యడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేచి పెరట్లో నిలబడి, కడుపుమీద చెయ్యి పెట్టుకుని లోతుగా ఓ అని కూసేది. వేడినీళ్ళు, మెడకి శాలువా. గొంతుకి విశ్రాంతి అని భోజనాల దగ్గర సైగలు. మరిది "మా ఆవిడ మౌనవ్రతం, నాకు పండగ" అని జోకులేశాడు మొదటి రెండురోజులు. మూడోరోజు వెయ్యలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టు, ఆ మందు నిజంగానే పనిచేసింది. గొంతు బొంగురుపోయింది. అత్తయ్య ఒకపూట దాని పిలుపుకి పలక్కుండా కూర్చుని, "ఎవరో మగాళ్ళొచ్చారా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. వెంటనే భయం కూడా వేసింది. రెండూ నిజమే. చెప్పెయ్యాలని రెండుసార్లు దాని గది గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి అది నిద్రపోతోంది. రెండోసారి మెలకువగానే ఉంది. నేను ఉతికిన దుప్పటి కావాలా అని అడిగి వచ్చేశాను.

ఐదు నిమిషాల ముక్క రికార్డు చేసిన రోజు, అది అద్దం అవతల కూర్చుని, భుజాలు బిగబట్టి, ప్రతి మాటనీ బావిలోంచి చేదలా లాగింది. బడిలో హెడ్మాస్టరు గారు నోటీసు చదువుతున్నట్టుంది. చదివాక అద్దంలోంచి నావైపు చూసి, ఎలా ఉంది అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

"బాగుంది," అన్నాను. "ఇప్పుడు నిండుగా ఉంది."

నాది కూడా అదేరోజు చదివాను. చదివాక, శుభ్రం చేసేటప్పుడు, మైకు గదిలోకి వెళ్ళి పాత హెడ్‌ఫోన్స్ తెచ్చుకున్నాను. ఎడమవైపు వైరుని సరైన వంపులో పెట్టి, టేపేసి బిగించి, ఒక్కొక్క మాటా తుడిచి తోమి పెట్టాను. పని అయ్యాక టేపు పీకేసి మళ్ళీ లోపల పెట్టేశాను. దానిది మాత్రం కొత్తవాటితోనే చేశాను. ఇదంతా ఎవరూ చూడలేదు. ఎవరో చూస్తున్నట్టే ఉంది నాకు.

పంపిన పదోరోజు ఫోనొచ్చింది. పుస్తకం నాకు.

"చిన్నావిడ గొంతుకేమైందండీ? ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది మేనేజరు, మధ్యలో.

"ఈమధ్య కాస్త పలచబడిందండీ," అన్నాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే, "నేనూ చెప్పాను దానికి," అని కూడా అన్నాను.

చిన్నది నన్ను కౌగిలించుకుంది. "నీకే రావాలక్కా," అంది ఆ బొంగురు గొంతుతోనే. "నాలుగేళ్ళు నా కోసం నువ్వు అటు కూర్చున్నావు. ఇప్పుడు నీ కోసం నేను కూర్చుంటాను. పని నేర్పు, చాలు." దాని బుగ్గ నా బుగ్గకి తగిలి తడిగా ఉంది. అది నా గెలుపుకి ఏడ్చిందో తన ఓటమికి ఏడ్చిందో నేను కనుక్కోలేదు. నాకు పుస్తకం వచ్చింది. అంతకంటే ఇంకేదీ ఆ రోజు నాకు అక్కర్లేదు.

మొదటిరోజు రికార్డింగ్ మధ్యాహ్నం పెట్టుకున్నాం, వీధి సద్దుమణిగే వేళకి. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం. అత్తయ్య నోట్లో ఏలక్కాయ వేసుకుని కూర్చుంది. నాలుగేళ్ళ తరువాత నేను మైకు ముందు కుర్చీలో సర్దుకున్నాను. పాత హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. మొదటి పేజీ విప్పాను. ఎన్నిసార్లు కలగన్నానో ఈ కుర్చీని.

తల ఎత్తి చూస్తే అద్దం అవతల చిన్నది బల్లమీంచి కొత్త హెడ్‌ఫోన్స్ తీసి తలకి పెట్టుకుంటోంది.

అప్పటిదాకా నాకు తట్టలేదు. అన్నీ చూసుకున్నాను కానీ, అటు కూర్చునే మనిషి చెవులకి అవే తగులుతాయన్న సంగతి ఒక్కటే మర్చిపోయాను. ఇప్పుడు లేచి వెళ్ళి లాక్కోలేను కదా. చదవడం మొదలుపెట్టాను. అర పేజీ అయింది.

"ఆగక్కా," అంది. అవి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. వైరు కదిపింది. మళ్ళీ పెట్టుకుంది. "ఇంకో రెండు లైన్లు చదువు."

చదివాను.

"ఇవి బాగోలేదక్కా."

"ఏవి?"

"ఈ హెడ్‌ఫోన్సే. నువ్వెక్కడో గోడవతల ఉన్నట్టుంది. నీ గొంతు ఇలా ఉండదు. రోజూ వింటున్నదాన్ని, నాకు తెలీదా? వీటిల్లోనే ఏదో తేడా ఉంది."

ఒక్క నిమిషం పట్టింది దానికి. నా గొంతు బాగోలేదేమోనన్న అనుమానం దాని మనసులోకి రానేలేదు. తిన్నగా వెళ్ళి తప్పున్నచోటే వేలు పెట్టింది. నేను రగ్గుల గోడల మధ్య, ఫ్యాను లేని గదిలో, చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

అది నన్ను చూసింది. చేతిలో హెడ్‌ఫోన్స్‌ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నావి కూడా వీటిల్లోనే విన్నావా?"

మా ఏర్పాటులో అవతలివాళ్ళు బటన్ నొక్కితేనే లోపలికి మాట వస్తుంది. లోపలి మైకు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నేను గుటక మింగితే కూడా దానికి వినిపిస్తుంది. మింగాను.

"అవును."

"పలచబడిందన్నావు. అది వీటిల్లో వినేనా?"

"అవును."

"తెలిసే అన్నావా?"

తెలీదు అనబోయాను. నోటిదాకా వచ్చింది. నాలుగేళ్ళుగా దాని ఊపిరి శబ్దాలు ఏరిపారేస్తూ బతికినదాన్ని. ఏ ఊపిరి దేనికి తీస్తారో నాకు తెలుసు, ఇప్పుడు దానికీ తెలుస్తుంది.

"తెలిసే అన్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు, నేనూ నాలుగు అనేదాన్ని, ఇల్లంతా వినేది, రెండురోజుల్లో సర్దుకునేది. అది తిట్టలేదు. గొంతు మీద చెయ్యి వేసుకుంది. బల్లమీద ఉన్న తన కాగితాల్లోంచి మొదటి పేజీ లాక్కుంది. బటన్ నొక్కి పట్టుకుని, చదివింది.

లోతుగా కాదు, కడుపులోంచీ కాదు. భుజాలు వదిలేసి, అత్తయ్యని భోజనానికి పిలిచినట్టు, మామూలుగా. మొదటి వాక్యంలో ఒకచోట గీరుకుంది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకుంది. నా చెవుల్లో పాతవి ఉన్నాయి. ఎడమవైపు పలకలేదు. కుడివైపు ఒక్కటే పలికింది, ఆ ఒక్క చెవిలోనే పూర్తిగా వచ్చింది. పేరా అంతా చదివింది. నా కోసం కాదు. ఉందో లేదో చూసుకుంటోంది.

"ఉంది," అంది, చివర్లో. కళ్ళు తుడుచుకుంది. "పోలేదు. పోయిందేమోనని ఇన్నిరోజులుగా దిండులో మొహం పెట్టి ఏడుస్తున్నానక్కా."

నేను ఏదో అనాలి. క్షమించమనాలి. పుస్తకం నీదే అనాలి. ఆ రెండు మాటలూ నా నాలుక మీదికి రాకముందే, ఆ మొదటి వాక్యంలో అది ఎక్కడ ఆగిందో, ఎంత తేలిగ్గా ఆగిందో తలుచుకుని నా కడుపు మండింది. అప్పుడు కూడా మండింది.

అది బటన్ మళ్ళీ నొక్కింది.

"చదువు. మొదటినుంచి."

బటన్ వదిలేసింది. కొత్త హెడ్‌ఫోన్స్ పక్కన పడేసి, మూలనున్న స్పీకర్లు పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. రికార్డింగ్ ఎర్రదీపం వెలిగింది. నా చేతిలో నాలుగువందల పేజీలున్నాయి. మొదటి వాక్యం ఎలా చదవాలో ఇప్పుడే విన్నాను. అలా చదవడం నావల్ల కాదు. అయినా చదవాలి, అది వింటూ ఉంటుంది. నేను నోరు తెరిచాను.